ముందు చక్రాలకు మాత్రమే పెద్ద బ్రేక్ కాలిపర్లు వేస్తే సరిపోతుందా?

స్పోర్ట్స్ కారు బ్రేకులు మార్చినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. నా కారు ముందు చక్రాలకు 294 మి.మీ. రోటర్లు (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్కులు), రెండు పిస్టన్ల స్లైడింగ్ కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) ఉన్నాయి. రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ట్రాక్ మీద కొన్ని ల్యాపులు గట్టిగా తిప్పగానే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది, ప్యాడ్లు కాలిన వాసన. రోటర్ అంచు నీలంగా మారింది. కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ పోయించి గాలి తీయించినా అంతే.

326 మి.మీ. రోటర్లు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు చూస్తున్నా. డ్రిల్డ్ (రంధ్రాలు చేసిన) రోటర్లు మాత్రం వద్దు, వేడికి రంధ్రాల దగ్గరే పగుళ్లొస్తాయి. నా అసలు భయం వేరే. పిస్టన్ల వైశాల్యం పెరిగితే పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్ ఇంకా లోపలికి వెళ్తుంది కదా? వెనక బ్రేకులు అలాగే ఉంచేస్తే పనంతా ముందు చక్రాల మీదే పడి, ఆగే దూరం పెరగదా? లేక ముందుగా ట్రాక్ ప్యాడ్లు, బ్రేకులు చల్లబడేలా గాలి డక్టులు పెట్టి చూడమంటారా?