మనిషి గూడబాతుగా మారే కథ: మారే ఘట్టం కుదరడం లేదు

ప్రశ్న
రెండు వేల పదాల ఫాంటసీ కథ. కొల్లేటి లంకలో వలలు అల్లే మంగ శాపం తగిలి గూడబాతుగా (పెలికాన్) మారుతుంది. మారే ఘట్టం ఎలా రాసినా పొగ, మెరుపు, టక్కున పక్షి! చదివేవాళ్ల ఒంటికి తెలిసేలా రాయడం ఎలా? చివర్లో మొగుడు ఆమెను గుర్తుపట్టాలి. పక్షి చేత మాట్లాడించేస్తే సరిపోతుందా?

జవాబు 1
మాట్లాడించకండి. ఎదిగిన గూడబాతులు గూళ్ల దగ్గర గురగురమనడం తప్ప దాదాపు మూగవే. ఆ మూగతనమే మీ కథకు బలం.

ఒళ్లంతా ఒకేసారి మార్చొద్దు. రెక్క అంటే చెయ్యే. దండ ఎముక, ముంజేతి ఎముకలు ఉంటాయి, వేళ్లే తగ్గి అతుక్కుపోతాయి. అంటే ముందు పోయేది పట్టు. గడియ తీయబోతే వేళ్లు విడివడకపోవడంతో మొదలుపెట్టండి, ఈకలు ఆఖర్న రానివ్వండి. తర్వాత చెమట. పక్షులకు చెమట పట్టదు, గూడబాతు నోరు తెరిచి ముక్కు కింది సంచిని అదరగొట్టి వేడి వదులుకుంటుంది. మిట్టమధ్యాహ్నం మంగ ఒళ్లు ఉన్నట్టుండి పొడిబారి, గడ్డం కింద చర్మం జారి దానంతటదే కొట్టుకుంటుంటే ఇక మెరుపులెందుకు?

చాలామంది చేసే తప్పు ఒకటుంది: 'మోకాళ్లు వెనక్కి తిరిగాయి' అని రాస్తారు. వెనక్కి వంగినట్టు కనిపించేది చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది.

జవాబు 2
బరువు సంగతి తేల్చుకున్నారా? మంగ 50 కిలోలు అనుకుంటే గూడబాతు 5 కిలోలు. మిగతా 45 ఎక్కడికి పోయాయి? మంత్రం కదా అని వదిలేయొచ్చు గానీ, లెక్క చెబితే కథకు ముడి దొరుకుతుంది. ఆ బరువంతా నీరై కొల్లేట్లో కలిసిందనుకోండి. తిరిగి మనిషి కావాలంటే ఆ నీరు మళ్లీ ఒంట్లోకి రావాలి. వేసవిలో సరస్సు కుంచించుకుపోతుంది కాబట్టి గడువు దానంతటదే వచ్చేస్తుంది.

శాపం పెట్టినచోటే విమోచనం ఏమిటో చెప్పేయండి. అగస్త్యుడి శాపంతో కొండచిలువైన నహుషుడికి ధర్మరాజు జవాబులతో విముక్తి. అలాంటి కథలు విని పెరిగిన పాఠకుడు షరతు కోసం ఎదురుచూస్తాడు. ఆఖరి పేజీలో కొత్తగా పుట్టిస్తే మోసపోయాననుకుంటాడు.

జవాబు 3
పైవారి ఆలోచన బాగుంది గానీ, చిల్లు ఉంది. కొల్లేరు చుట్టూ చేపల చెరువులే. ఎండాకాలంలోనూ నీళ్లుంటాయి, మంగ ఏదో ఒక చెరువులో దిగితే అయిపోయె! 'ఏ నీట కలిసిందో ఆ నీరే' అని షరతు బిగించండి. అప్పుడు ఆ చెరువులే అడ్డంకులవుతాయి: సరస్సు నీరు తోడి చెరువుకు పెట్టారు, పైన పక్షులు వాలకుండా వల కట్టారు, కాపలావాడు టపాకాయలు పేలుస్తున్నాడు. ఆ వల మంగ అల్లిందే అయితే ఇంకా బాగు.

ప్రశ్న అడిగినవారు
వల ఆమె అల్లిందే అవుతుంది, ఖాయం. మరి గుర్తుపట్టడం? మెట్టెలు అనుకున్నాను.

జవాబు 1
మెట్టెలు నిలవవు. గూడబాతుకు నాలుగు వేళ్లనూ కలుపుతూ పొర ఉంటుంది, ఉంగరంలాంటిది ఇమడదు. మెడలో పూసలైతే చేప కోసం వంగగానే జారిపోతాయి. కాలికి దిష్టి కోసం కట్టుకున్న నల్లతాడు పెట్టండి. కాలు సన్నబడినా తాడు కిందికి జారి వెడల్పాటి పాదం దగ్గర ఆగుతుంది. మొదటి పేరాలోనే, మాటవరసకన్నట్టు, ఆ తాడు కనబడాలి.

జవాబు 4
భాష గురించి ఒక్క మాట. మారాక కథకుడి నోట 'చేజారింది', 'చేతికందింది', 'చేయి చేసుకుంది' లాంటివి రానివ్వకండి. ముందు భాగంలో మాత్రం దండిగా వాడండి. పాఠకుడు లెక్కపెట్టడు గానీ ఏదో పోయిందని పసిగడతాడు. మారే ఘట్టం 400 పదాలు దాటకూడదు. మిగతాదంతా వలకీ నీటికీ ఉంచండి.