పునర్నవ కషాయంతో యూరిన్ నిజంగా పెరుగుతోందా, తాగిన నీళ్లే బయటికొస్తున్నాయా?

ఫార్మకాలజీ ప్రాజెక్ట్ అండి, ఎథిక్స్ పర్మిషన్ ఉంది. 12 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పునర్నవ (మూత్రం ఎక్కువ రావడానికి ఆయుర్వేదంలో వాడే మొక్క) వేరు కషాయం 200 ఎంఎల్ ఒక రోజు, మామూలు నీళ్లు 200 ఎంఎల్ ఇంకో రోజు, మధ్యలో 7 రోజుల గ్యాప్. ఉదయం 7 గంటలకి పరగడుపున ఇచ్చి, తర్వాత గంట గంటకీ 150 ఎంఎల్ నీళ్లు తాగిస్తూ 8 గంటల పాటు యూరిన్ మొత్తం పట్టి కొలిచాం.

కషాయం రోజు యావరేజ్ 1,150 ఎంఎల్, నీళ్ల రోజు 1,080. సంబరపడేలోపే నీళ్ల రోజుని ఇంకోసారి చేసి చూస్తే, ఒకే మనిషికి రెండు నీళ్ల రోజుల మధ్యే 300 దాకా తేడా ఉంది, ఇక ఆ 70కి విలువేముంది చెప్పండి. యూరిన్‌లో సోడియం పెరగలేదు, పొటాషియం మాత్రం కొంచెం పెరిగింది, కానీ ఆ వేరులోనే పొటాషియం నైట్రేట్ ఉంటుంది కదా, అది మందు పనో లేక లోపలికి వెళ్లిన ఉప్పే బయటికొచ్చిందో తెలీట్లేదు.

ముందు రోజు నుంచి కాఫీ, టీ ఆపించాం, ఉప్పు కూడా అందరికీ ఒకేలా ఉండేలా చూశాం, కషాయం 100 ఎంఎల్‌కి మరిగించి కూడా ఇచ్చాం, తేడా ఏం రాలేదు. పైగా ఆ చేదుకి ఏది కషాయమో అందరికీ తెలిసిపోతోంది, తెలిశాక ఊరికే బాత్రూంకి వెళ్లొస్తున్నారేమో అని కూడా డౌట్.

ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి, నీళ్లకి బదులు అంతే చేదు, అంతే పొటాషియం ఉన్న డమ్మీ కషాయం పెడితే వేరు అసలు ప్రభావం విడిగా తెలుస్తుందా?