పీలింగ్ సెక్షన్‌కి ఇన్‌ఛార్జ్‌గా వేశారు, నిన్నటిదాకా కలిసి పనిచేసిన వాళ్లతో ఎట్లా?

కావలి_కుర్రోడు
రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పని. ఈమధ్యే నన్ను పీలింగ్ (రొయ్య పొట్టు ఒలిచే) సెక్షన్‌కి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా వేశారు. అక్కడ పని చేసేవాళ్లంతా దాదాపు ఆడవాళ్లే, నాకన్నా పెద్దవాళ్లు. గట్టిగా చెప్తే 'అప్పుడే పెద్దోడైపోయాడు' అంటారు, మెత్తగా చెప్తే టార్గెట్ తెగదు. పైనుంచి మేనేజర్ టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ట్రైనింగ్ క్లాసుల్లో చెప్పే కబుర్లు మాత్రం వద్దు.

చీమకుర్తి_పాలిష్
మా గ్రానైట్ ఫ్యాక్టరీలో ఒక పాత ఫోర్‌మన్ ఉండేవాడు. ఒకసారి కోతలో గెలాక్సీ (నల్ల గ్రానైట్) స్లాబ్ పగిలింది. ఓనర్ ఆపరేటర్ మీదికి వస్తుంటే, 'రాయి చూసి ఎక్కించమన్నది నేనే' అని అడ్డం నిలబడ్డాడు. ఓనర్ పోయాక ఆ పిల్లోణ్ణి యార్డులోకి తీసుకుపోయి, ఇంకో బ్లాకు మీద నీళ్లు పోసి నిలబెట్టాడు. రాయంతా ఆరిపోయినా పగులున్న చోట సన్నగా తడిగీత మిగులుతుంది. 'ఇది కనపడితే నాకు చెప్పు, కోయొద్దు' అన్నాడు. అంతే, తిట్టలేదు. ఆ పిల్లోడే ఇప్పుడు మా దగ్గర బ్లాకులు ఏరేది.

సూళ్లూరుపేట_రిటైర్డ్
ఇదే సంగతి పెద్ద ఎత్తున జరిగింది శ్రీహరికోటలో (అప్పట్లో మన నెల్లూరు జిల్లానే). 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమైంది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారు. అయినా విలేకరుల ముందుకొచ్చి జవాబు చెప్పింది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం కలాం గారినే మాట్లాడమన్నారు.

ఒంగోలు_గిత్త
సార్, ధావన్ గారి కథ ప్రతి మీటింగులో చెప్తారు. ఆయన ఛైర్మన్, ఆయన ఉద్యోగానికి వచ్చిన ముప్పేం లేదు. మనలాంటి మధ్యవాళ్లు తప్పు నెత్తినేసుకుంటే నెలాఖరుకి జీతంలో కోస్తారు. మా మేనేజర్ ఆ కథ చెప్పిన రోజే నాకు మెమో ఇచ్చాడు 😀

ఉదయగిరి_పొదుపక్క
తమ్ముడూ, నింద మోసేది తర్వాత సంగతి. ముందు లెక్క చూపించు.

నేను చాలాకాలం పీలింగ్‌కి పోయినదాన్నే, ప్లాంటు పేరు వద్దులే. కిలోకి ఇంతని కూలి. చల్లటి రొయ్య ఒలిచి ఒలిచి వేళ్లు తిమ్మిరెక్కి టబ్ కాటా మీద పెడితే, తడి అని కొంత కోసి రాసుకునేవాళ్లు. ఎంత కోశారో చూడనిచ్చేవాళ్లు కాదు. ఇన్‌ఛార్జ్ ఎంత నవ్వుతూ పలకరించినా మాకు మంట అక్కడే. తర్వాత వచ్చినాయన ఒక్క పని చేశాడు: కాటా ముల్లు మావైపు తిప్పాడు, రాసింది పైకి చదివాడు. మరుసటి వారం నుంచి పని కోసం ఎవరి మీదా అరవాల్సిన అవసరం పడలేదు.

మా పొదుపు గ్రూపులోనూ అంతే. పుస్తకం లీడర్ ఇంట్లో బీరువాలో ఉంటే గుసగుసలు, మీటింగులో అందరి ముందు చదివితే గొడవుండదు. 1990ల మొదట్లో దూబగుంటలో రోశమ్మ గారు వాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు ఎవరూ వాళ్లని ఇన్‌ఛార్జ్‌గా వేయలేదు కదా. ముందు తామే కొట్టుకాడికి పోయారు, ఊరు వెనక నడిచింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది.

కావలి_కుర్రోడు
అక్కా, మా కాటా కూడా గోడవైపే ఉంది. తూకం రాసేవాడు మేనేజర్ మనిషి. చీటీ రెండు కాపీలు రాసి ఒకటి వాళ్లకే ఇస్తే?

ఉదయగిరి_పొదుపక్క
మొదలుపెట్టు. అడిగితే వద్దంటాడు.

ఒంగోలు_గిత్త
అబ్బయా, చెప్పకుండా చేస్తే నిన్నే మార్చేస్తారు. 'కూలి గొడవలు తగ్గుతాయి, షిఫ్ట్ మధ్యలో పని ఆగదు' అని ఆయనకి లాభం చూపించి అడుగు.

చీమకుర్తి_పాలిష్
కాటా తిప్పడానికి పర్మిషన్ ఎందుకు? ఊడ్చేటప్పుడు జరిగిందని చెప్పు.