జీపీఎస్ పోతే 5జీ సైట్ టైమింగ్ 24 గంటలు నిలబడాలంటే?

ప్రశ్న:
3.5 గిగాహెర్ట్జ్ టీడీడీ (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపడం, అందుకోవడం) సైట్లు పన్నెండు. ఒక్కోదానికి సొంత జీపీఎస్ యాంటెన్నా, లోపల ఓసీఎక్స్‌ఓ (వేడి నిలకడగా ఉంచే క్వార్ట్జ్ గడియారం). జామింగ్ వచ్చినా, యాంటెన్నా పాడైనా 24 గంటలు లాగాలంటున్నారు. ఓసీఎక్స్‌ఓ తీసి రుబీడియం (అణు గడియారం) పెడితే చాలా, ఫైబర్ మీద పీటీపీ (నెట్‌వర్క్ ద్వారా టైం పంపే పద్ధతి) కూడా తేవాలా?

జవాబు 1:
ముందు లెక్క చూడండి. టీడీడీకి టైం తేడా హద్దు ±1.5 మైక్రోసెకన్లు. ఫ్రీక్వెన్సీలో వెయ్యి కోట్లలో ఒక వంతు తేడా ఉన్నా రోజుకి 8.64 మైక్రోసెకన్లు జరుగుతుంది, అంటే నాలుగు గంటల పది నిమిషాలకే హద్దు దాటినట్టు. 24 గంటలంటే ఆ తేడా ఆరో వంతుకు తగ్గాలి. అది మామూలు ఓసీఎక్స్‌ఓ వల్ల కాదు, మంచి రుబీడియం వల్ల అవుతుంది. కానీ డేటాషీట్‌లో హోల్డోవర్ (జీపీఎస్ లేకుండా సొంతంగా టైం నిలపడం) అంకె కింద షరతు చదవండి: ఇన్ని రోజులు జీపీఎస్‌తో లాక్‌లో ఉన్నాక, గది వేడి మారకుండా ఉంటేనే. మే నెలలో కరెంటు పోయి షెల్టర్ ఏసీ ఆగితే ఆ అంకె చెల్లదు.

పన్నెండు చోట్లా రుబీడియం డబ్బు దండగ. వేర్వేరు భవనాల్లో రెండు గ్రాండ్‌మాస్టర్లకి (పీటీపీ టైం పంపే మూల గడియారాలు) రుబీడియం పెట్టి, అక్కడి నుంచి సైట్లకి పీటీపీ ఇవ్వండి. దారిలో ప్రతి స్విచ్చూ బౌండరీ క్లాక్ (టైం అందుకుని సరిచేసి ముందుకి పంపేది) అయితే జి.8275.1 అనే పీటీపీ ప్రొఫైల్, తోడుగా సింక్‌ఈ (ఈథర్నెట్ మీదే ఫ్రీక్వెన్సీ ఇవ్వడం). కాకపోతే సైట్ జీపీఎస్‌ని అలాగే ఉంచి, దానికి తోడుగా పీటీపీ నడిపే ఏపీటీఎస్.

జవాబు 2:
ఏపీటీఎస్‌లో ఒక చిక్కుంది. పోయే దారి, వచ్చే దారి ఆలస్యం ఒకటేనని పీటీపీ నమ్ముతుంది. ఒకవైపు ఫైబర్ 200 మీటర్లు ఎక్కువైతే సుమారు 1 మైక్రోసెకను తేడా, అందులో సగం టైంలో తప్పుగా కూర్చుంటుంది. జీపీఎస్ ఉన్నంతసేపు ఏపీటీఎస్ దీన్ని కొలిచి దిద్దుకుంటుంది. జీపీఎస్ లేనప్పుడు ఫైబర్ రింగ్‌లో దారి మారిందో, ఆ దిద్దుబాటు పాత దారిదే. ఒక్కో దారికి విడిగా గుర్తుపెట్టుకుంటుందో లేదో కొనకముందే అడగండి.

ప్రశ్న:
సరేనండీ. పరీక్ష ఎలా చెయ్యాలి?

జవాబు 1:
వారం లాక్‌లో ఉంచి, రిసీవర్ దగ్గర యాంటెన్నా కేబుల్ పీకండి. దాని 1పీపీఎస్‌ని (సెకనుకో పల్స్), లాక్‌లో ఉన్న ఇంకో రిసీవర్ 1పీపీఎస్‌తో టైం ఇంటర్వల్ కౌంటర్ మీద గంటగంటకీ పోల్చండి. రెండిట్లోనూ కేబుల్ డిలే సరిగ్గా కొట్టారా చూడండి, 30 మీటర్లకే 120 నుంచి 150 నానోసెకన్ల దాకా వస్తుంది. గ్రాండ్‌మాస్టర్ క్లాక్ క్లాస్ (తన టైం ఎంత నమ్మదగిందో చెప్పే అంకె) లాక్‌లో ఉండే 6 నుంచి హోల్డోవర్‌లో 7కి, హద్దు దాటాక 140, 150 లేదా 160కి మారాలి. అప్పుడు రేడియో ప్రసారం ఆపెయ్యాలి, లేకపోతే పక్క సెల్ అప్‌లింక్ మీద పడుతుంది.

జవాబు 2:
కేబుల్ పీకితే తెలిసేది సిగ్నల్ పోవడం గురించే. 2016 జనవరి 26న జీపీఎస్ ఉపగ్రహాలు కొన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) సవరణని సుమారు 13 మైక్రోసెకన్ల తప్పుతో పంపాయి. చాలా రిసీవర్లు లాక్‌లో ఉండగానే పక్కకి జరిగాయి. స్పూఫింగ్ (నకిలీ జీపీఎస్ సిగ్నల్) అయినా ఇంతే, క్లాస్ 6 అలాగే కనిపిస్తుంది, హోల్డోవర్‌లోకి పోనే పోదు. అందుకే పీటీపీని జీపీఎస్ పోయినప్పుడే వాడకుండా, ఎప్పుడూ పక్కన పెట్టి పోల్చండి, 500 నానోసెకన్ల తేడాకి అలారం. ఆ రెండిట్లో ఏది తప్పో తేలాలంటే మూడోది కావాలి. రెండో గ్రాండ్‌మాస్టర్‌కి ఎల్5 ఫ్రీక్వెన్సీలో నావిక్ (భారత ఉపగ్రహ వ్యవస్థ) తీసుకునే రిసీవర్ పెట్టండి. జీపీఎస్ వాడే ఎల్1 మీద మాత్రమే పనిచేసే జామర్ సాధారణంగా దాన్ని తాకదు.