సమస్యాపూరణం: ముందు నిలిచి చూడ ముఖము లేదు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాయాలి:

ముందు నిలిచి చూడ ముఖము లేదు

అద్దమో కటకమో (లెన్సు) ఉండాలి. గణాలు, యతి ఎంత సరిపోవాలో కాంతి లెక్క కూడా అంతే సరిపోవాలి. మసి పట్టిన అద్దం, కరెంటు పోయిన గది వద్దండీ, అవి ఎవరైనా రాసేస్తారు.

గుణదల అక్కయ్య పూరణ

నాభి వద్ద నిలువ నా ప్రతిబింబము
అంతులేని దూర మరిగిపోయె
పుటము వోలె నున్న పొలుపైన యద్దంపు
ముందు నిలిచి చూడ ముఖము లేదు

"మా అబ్బాయి పదో తరగతి. పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం) నాభి దగ్గర, అంటే దూరం నుంచి వచ్చిన కిరణాలు అద్దానికి తగిలి కలుసుకునే చోట, వస్తువు పెడితే ప్రతిబింబం అనంత దూరంలో ఏర్పడుతుందని వాడికి చదివిస్తుంటే తట్టింది."

గుంటూరు కొత్తపేట తమ్ముడి పూరణ

అట్టపెట్టె లోన నద్దాలు రెండుంచి
యేటవాలుగాను నెత్తి పట్ట
గోడ కవతలున్న కోడియే కనిపించె
ముందు నిలిచి చూడ ముఖము లేదు

నా మాట

తమ్ముడూ, పెరిస్కోపును పద్యంలోకి భలే దించావు. రెండు అద్దాలూ ఒకదానికొకటి సమాంతరంగా, 45 డిగ్రీల వాలులో ఉండాలి. రెండుసార్లు పరావర్తనం జరుగుతుంది కాబట్టి కుడి ఎడమలు కూడా తారుమారు కావు, కోడి ఉన్నది ఉన్నట్టే కనబడుతుంది. 'గోడ'కు 'కోడి' యతి చక్కగా కుదిరింది. మార్చాల్సింది ఏమీ లేదు.

అక్కయ్యా, రెండో పాదం 'అంతులేని దూర మరిగిపోయె' నాకు ఎంతో నచ్చింది. అయితే 'ప్రతిబింబము' తర్వాత 'అంతులేని' అంటే విసంధి, సంధి కలవాల్సిన చోట కలవలేదు. 'నాయొక్క ప్రతిబింబ / మంతులేని' అంటే సరిపోతుంది. 'పొలుపైన' యతి కోసం వచ్చి కూర్చుంది, అర్థానికి అక్కర్లేదు. ఇవి చిన్నవి. అసలు సందేహం భౌతికశాస్త్రంలో ఉంది. ప్రతిబింబం అనంత దూరంలో ఏర్పడితే కంటికి కనబడదనేనా?

బ్రాడీపేట మాస్టారి జవాబు

కనబడుతుందమ్మా. నాభి దగ్గరి నుంచి బయల్దేరిన కిరణాలు అద్దానికి తగిలి సమాంతరంగా తిరిగి వస్తాయి. చందమామ నుంచి వచ్చే కిరణాలూ దాదాపు సమాంతరమే, మరి చందమామ కనబడటం లేదా? శ్రమ పడకుండా కన్ను చూడగలిగేది అలాంటి కిరణాలనే. ముఖం మాయమయ్యే చోటు ఇంకొకటి ఉంది, వక్రతా కేంద్రం, అంటే అద్దం ఏ గోళంలో ముక్కో ఆ గోళం కేంద్రం. అది నాభ్యంతరానికి (అద్దం నుంచి నాభికి ఉన్న దూరానికి) రెట్టింపు దూరం.

కేంద్రమందు నిలువ కిరణము లన్నియు
వెళ్ళినట్టి త్రోవ వెనుక మరలె
ముఖము పైనె తిరిగి ముఖబింబమే పడ
ముందు నిలిచి చూడ ముఖము లేదు

నా మాట

మాస్టారూ, చదవగానే లేచి వెళ్ళి బీసెంట్ రోడ్డులో కొన్న గడ్డం గీసుకునే అద్దం తీశాను. ముందు నాభ్యంతరం తెలియాలి కదా. మాది వన్‌టౌన్, మేడ మీంచి ఇంద్రకీలాద్రి కనబడుతుంది. సాయంత్రం దీపాలు వెలిగాక అద్దాన్ని కొండ వైపు తిప్పి, ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని జరుపుతూ పోతే, ఒక చోట కొండ తలకిందులై, దీపాలు ఆవగింజల్లా కాగితం మీద నిలిచాయి. టేపు పెట్టి కొలిస్తే 50 సెంటీమీటర్లు. అంటే వక్రతా కేంద్రం మీటరు దూరంలో.

అద్దం గోడకి ఆనించి, దగ్గర నుంచి వెనక్కి నడిచాను. 50 దగ్గర ముఖం నిటారుగా, పెద్దగా, స్పష్టంగానే ఉంది. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత మసకబారుతూ ఇంకా ఉబ్బింది. మీటరు దగ్గర ఒక కన్ను మూసి చూస్తే ముక్కు లేదు, నోరు లేదు, అద్దం నిండా ఒకటే మసక రంగు! నా ప్రతిబింబం తలకిందులై నా ముఖం మీదే పడుతోంది, కంటి మీదే పడ్డదాన్ని కన్ను ఎలా చూస్తుంది? స్పష్టంగా చూడాలంటే మామూలు కంటికి కనీసం 25 సెంటీమీటర్ల ఎడం కావాలి. 130 దాకా వెనక్కి వెళ్ళేసరికి ముఖం చిన్నగా, తలకిందులుగా తేటపడింది. లెక్క ప్రకారం అప్పుడు ప్రతిబింబం అద్దానికి 81 సెంటీమీటర్ల ముందు, నాకు 49 దూరంలో గాలిలో ఉంది.

ఛందస్సు సంగతి ఒక్కటి: 'నిలువ' ద్రుతాంతం (చివర నకారం చేరే మాట) కాబట్టి తర్వాతి 'క' 'గ'గా మారి 'గిరణములు' అని సరళాదేశం రావాలి. క, గలకు యతి చెల్లుతుంది కనుక ఇబ్బంది లేదు.

గుణదల అక్కయ్య

నేనూ చూశానండీ, నాకు నాభి దగ్గరే ఏమీ కనబడలేదు! అబద్ధం రాయలేదు. కళ్ళజోడు తీసి చూశాను, నాకు దూరపు చూపు లేదు.

బ్రాడీపేట మాస్టారు

అయితే నీ పద్యం నీ కంటికి నిజమేనమ్మా. హ్రస్వదృష్టి ఉన్న కంట్లో సమాంతర కిరణాలు రెటీనాకు ముందే కలిసిపోతాయి. కళ్ళజోడులోని పుటాకార కటకం వాటిని కాస్త విడదీసి పంపితేనే రెటీనా మీదికి చేరేది. ఆ జోడు సంగతి పద్యంలోకి రావాలి.

గుణదల అక్కయ్య, సవరించిన పూరణ

నాభి వద్ద నిలువ నాయొక్క ప్రతిబింబ
మంతులేని దూర మరిగిపోయె
కంటిజోడు తీసి గాజుటద్దము చేరి
ముందు నిలిచి చూడ ముఖము లేదు

నా మాట

'పొలుపైన' పోయింది, విసంధి పోయింది, కారణం వచ్చింది. పుటాకారమని విడిగా చెప్పకపోయినా ఫర్వాలేదు, సమతల దర్పణానికి నాభి ఎక్కడిది? కళ్ళజోడు ఉన్నవాళ్ళు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి రాయండి.