ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీకి ఎన్ని ఓట్లు కావాలి? లెక్క తేలడం లేదు

పల్నాడు_పాలిటీ:
పొద్దున్నుంచి ఇదే లెక్క పట్టుకుని కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే కోటాలో ఒక ఎమ్మెల్సీ గెలవాలంటే ఎన్ని ఓట్లు పడాలి? అసెంబ్లీలో 175 మంది. మండలిలో ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి 20 సీట్లు. 20కి ఒకటి కలిపి, 175ను 21తో భాగిస్తే 8.33. తోక తీసేసి ఒకటి కలిపితే 9. కానీ ఒక పేపర్లో 22 అని ఉంది, ఇంకో పేపర్లో 30, చేతిలో ఉన్న గైడులో 88! అన్నీ మన రాష్ట్రం గురించే. ఎల్లుండి గ్రూప్-2 పిల్లలకు క్లాసు ఉంది. సూత్రం నాకు తెలుసు, దయచేసి సూత్రం మళ్లీ రాయకండి, ఏ అంకె కరెక్టో చెప్పండి చాలు.

కౌంటింగ్ ఏజెంట్:
ఎన్ని సీట్లకు?

పల్నాడు_పాలిటీ:
రాశాను కదండీ, ఆంధ్రప్రదేశ్, ఎమ్మెల్యే కోటా అని.

కౌంటింగ్ ఏజెంట్:
ఆ నోటిఫికేషన్‌లో ఖాళీలెన్ని? అది చెప్పకుండా లెక్క లేదు.

సెక్షన్ 26:
అసలు 175 దగ్గరే ఆగిపోతే ఎలాగండీ. 2014 పునర్విభజన చట్టం సెక్షన్ 26 చదవండి. ఆంధ్రప్రదేశ్‌కు 225, తెలంగాణకు 153 సీట్లు అని రాసి ఉంది. పదేళ్లు దాటినా ఎందుకు పెరగలేదంటే, ఆ సెక్షన్‌లోనే 'రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి' అన్న మెలిక ఉంది. 170 ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా అసెంబ్లీ సీట్ల సంఖ్య కదలదు. జమ్మూకశ్మీర్‌లో 83ను 90 చేశారు కదా అని చాలామంది అడుగుతారు. అది కేంద్రపాలిత ప్రాంతం, దానికి 170 వర్తించదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇదే చెప్పి పిటిషన్ కొట్టేసింది. పిల్లలకు చెప్పాల్సింది ఇది. ఇప్పుడున్న 175లో ఎస్సీ సీట్లు 29, ఎస్టీ 7. తెలంగాణ 119లో ఎస్సీ 19, ఎస్టీ 12. రేపు సీట్లు 225 అయితే మండలి కూడా 75 దాకా పెరిగే వీలుంటుంది, ఎందుకంటే 171(1) ప్రకారం మండలి అసెంబ్లీలో మూడో వంతు దాటకూడదు.

కౌంటింగ్ ఏజెంట్:
సందేహం అది కాదన్నా.

సభాపర్వం:
పల్నాడు గారూ, 22, 30, 88 మూడూ కరెక్టే. మీ 9 ఒక్కటే ఎక్కడా రాదు. భాగించాల్సింది మండలిలో ఎమ్మెల్యేలకు ఉన్న మొత్తం సీట్లతో కాదు, ఆ ఒక్క ఎన్నికలో నింపే ఖాళీలతో.

మండలి ఎప్పుడూ రద్దయ్యే సభ కాదు. 172(2) ప్రకారం రెండేళ్లకోసారి సుమారు మూడో వంతు మంది దిగిపోతారు, ఒక్కో సభ్యుడికి ఆరేళ్లు. మండలి మొత్తం కొత్తగా ఏర్పడితే తప్ప 20 సీట్లకూ ఒకేసారి ఎన్నిక రాదు. 2023 మార్చిలో 7 ఖాళీలు వచ్చాయి, 2025 మార్చిలో 5. మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తేనో చనిపోతేనో వచ్చే ఉపఎన్నిక 1 సీటుకు.

ఇంకో విషయం, 175ను నేరుగా భాగించకండి. 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 76వది చూడండి. ఒకటి కంటే ఎక్కువ సీట్లున్నప్పుడు చెల్లిన ప్రతి ఓటుకూ 100 విలువ కడతారు. అంటే 17,500. 7 సీట్లయితే ఒకటి కలిపి 8తో భాగించాలి: 2187.5. తోక వదిలేసి 1 కలిపితే 2188. 21 ఓట్లంటే 2100, చాలదు. 22 ఓట్లంటే 2200, గెలిచినట్టే. 5 సీట్లయితే 6తో భాగిస్తే 2916, ఒకటి కలిపి 2917, అంటే 30 ఓట్లు. ఒకే సీటయితే 75వ నిబంధన, అక్కడ ఓటు విలువ 1. 175లో సగం 87.5, తోక తీసి ఒకటి కలిపితే 88.

చెల్లిన ఓట్లు అన్న మాట పిల్లలకు గట్టిగా చెప్పండి. 175 మందీ రాకపోవచ్చు, కొన్ని చెల్లకపోవచ్చు. 7 సీట్లకు 168 ఓట్లే చెల్లాయనుకోండి: 16,800ను 8తో భాగిస్తే సరిగ్గా 2100, ఒకటి కలిపితే 2101. 21 ఓట్లున్న అభ్యర్థికి 2100 ఉంటుంది, ఒక్క పాయింటు తక్కువ! అదే 167 చెల్లితే 2088, 21 ఓట్లు సరిపోతాయి. పరీక్షలో ఇలాంటి అంకె ఇస్తే 100 విలువ కట్టనివాడు తప్పు చేస్తాడు.

ప్రజాపద్దు:
సభాపర్వం గారి లెక్క బాగుంది. కానీ 'ఎమ్మెల్యే కోటా' అనే మాట వల్లే ఈ గందరగోళమంతా. పేపర్లు కోటా అంటే ఏ తరగతి సీటో చెబుతున్నాయి, నిబంధనల్లో కోటా అంటే గెలవడానికి కావాల్సిన ఓట్ల విలువ. ఎమ్మెల్యే నియోజకవర్గం అని రాయాలి.

కౌంటింగ్ ఏజెంట్:
అందరూ ఎమ్మెల్యే కోటా అనే అంటారు. మార్చలేం.

ప్రజాపద్దు:
మార్చాలి. 'గవర్నర్ కోటా' కూడా అంతే. గైడుల్లో గవర్నర్ కోటా ఆరో వంతు అని రాస్తున్నారు. రాజ్యాంగంలో ఆరో వంతు అని ఎక్కడుంది?

సభాపర్వం:
ఈ మాటలో మీరు రైటు. 171(3)లో ఎమ్మెల్యేలు ఎన్నుకునేవారు మూడో వంతుకు దగ్గరగా, స్థానిక సంస్థలవారు మూడో వంతుకు దగ్గరగా, పట్టభద్రులు పన్నెండో వంతు, ఉపాధ్యాయులు పన్నెండో వంతు అని ఉంటుంది. చివరిది, గవర్నర్ నామినేట్ చేసేది, 'మిగిలినవారు'. లెక్కేస్తే ఆరో వంతు వస్తుంది కాబట్టి గైడువాళ్లు అలా రాసేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యేలు 20, స్థానిక సంస్థలు 20, పట్టభద్రులు 5, ఉపాధ్యాయులు 5. ఇవి 50 కాగా మిగిలినవి 8. 58లో ఆరో వంతు 9.67 కదా, 8 ఎందుకు అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, జవాబు ఇదే. తెలంగాణలో 14, 14, 3, 3, మిగిలినవి 6, మొత్తం 40. తెలంగాణకు 119లో మూడో వంతు 39.67, కనీసం 40 ఉండాలి అన్న నియమం వల్ల 40 ఉంది. పాత పుస్తకంలో ఆంధ్ర మండలి 50 అని కనిపిస్తే అది 2014 అంకె, 2015 సవరణతో 58 అయింది. 90 అని కనిపిస్తే 2007లో మండలి పునరుద్ధరించినప్పటి ఉమ్మడి రాష్ట్రానిది.

మెట్‌పల్లి_రాజకీయం:
ఉపఎన్నిక గురించి ఒక్క లైనులో దాటేశారు, అసలు కిటుకు అక్కడే ఉంది. 2024 జనవరిలో తెలంగాణలో ఎమ్మెల్యే కోటా సీట్లు రెండు ఖాళీ అయ్యాయి. కడియం శ్రీహరి, పాడి కౌశిక్ రెడ్డి 2023 డిసెంబర్‌లో ఎమ్మెల్యేలుగా గెలవడం వల్ల వచ్చిన ఖాళీలు. ఇద్దరి పదవీకాలమూ 2027 నవంబర్‌లో ఒకే రోజు ముగిసేదే. అయినా రెండింటికీ వేర్వేరు నోటిఫికేషన్లు ఇచ్చారు. రెండూ కలిపి పెట్టి ఉంటే 11,900ను 3తో భాగించి ఒకటి కలిపితే 3967, అంటే 40 ఓట్లు. అప్పటికి కాంగ్రెస్ 64, సీపీఐ 1, బీఆర్ఎస్ 39. 65లో ఒక సీటుకు 40 పోతే మిగిలేవి 25, రెండోది 39 ఉన్న బీఆర్ఎస్‌కు పోయేది. విడివిడిగా పెడితే ఒక్కోదానికి 60 ఓట్లు చాలు, 65 మంది రెండు చోట్లా వేసుకోవచ్చు. బీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది, ఫలితం లేదు. రెండూ ఏకగ్రీవంగా కాంగ్రెస్‌కే వచ్చాయి.

ప్రజాపద్దు:
పదవీకాలం ఒకటే అయినప్పుడు కలిపి పెట్టడమే న్యాయం.

కౌంటింగ్ ఏజెంట్:
ఆకస్మిక ఖాళీ దేనికది వేరు. ఒకే రోజు పోలింగ్ జరిగినా బ్యాలెట్లు రెండు.

ప్రజాపద్దు:
నిబంధన అలా ఉందనే ఒప్పుకుంటాను, న్యాయం అని ఒప్పుకోను. దామాషా పద్ధతి పెట్టిందే చిన్న పార్టీకి తన వాటా రావాలని. ముక్కలు చేస్తే దామాషా పోయి మెజారిటీ మిగిలింది.

పల్నాడు_పాలిటీ:
అయితే 2023లో టీడీపీ ఒక ఎమ్మెల్సీ సీటు ఎలా గెలిచింది? 22 కావాలంటే వాళ్లకు 23 ఉన్నాయి కదా, అందులో వింతేముందని పేపర్లలో అంత రాశారు?

సభాపర్వం:
2019లో గెలిచినవారు 23, నిజమే. వారిలో నలుగురు అప్పటికే వైసీపీ వైపు వెళ్లిపోయారు. చేతిలో ఉన్నవి 19. టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధ గారికి పడినవి 23. ఆ ఫలితం రాగానే వైసీపీ తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. 23 అన్న అంకె రెండుచోట్లా రావడం కాకతాళీయం, ఒకటే అనుకుని పిల్లలకు చెప్పకండి. వైసీపీ 7 సీట్లకూ పోటీ పెట్టింది, 7 సార్లు 22 అంటే 154 కావాలి. సొంతంగా 2019లో గెలిచింది 151. బయటి నుంచి వచ్చినవారితో కలిపి సరిపోతుందన్నది వాళ్ల లెక్క. ఇలాంటప్పుడు పార్టీలు ఎమ్మెల్యేలను 22 మంది చొప్పున జట్లుగా విడదీసి, ఏ జట్టు ఎవరికి 1 (మొదటి ప్రాధాన్యం) వేయాలో, ఎవరికి 2 (రెండో ప్రాధాన్యం) వేయాలో ముందే చెబుతాయి. ఒక జట్టులో ఇద్దరు తప్పుకుంటే ఆ అభ్యర్థి 20 దగ్గర ఆగిపోతాడు.

మిగులు బదిలీ, అంటే గెలవడానికి కావాల్సినదానికంటే ఎక్కువ పడిన విలువ రెండో ప్రాధాన్యం ఉన్నవారికి వెళ్లడం, అది కూడా చూపించండి. 23 ఓట్లంటే 2300, కావాల్సింది 2188, మిగులు 112. ఆ 23 మందీ రెండో ప్రాధాన్యం రాశారనుకుంటే 112ను 23తో భాగించాలి, 4.87. ఇక్కడా తోక పోతుంది, ఒక్కో పత్రం విలువ 4. రెండో ప్రాధాన్య ఓటు అంటే ఇంకో పూర్తి ఓటు అని చాలామంది అనుకుంటారు, ఇక్కడ అది 100లో 4 మాత్రమే. అందరికంటే తక్కువ వచ్చి ఎలిమినేట్ అయిన అభ్యర్థి నుంచి వచ్చే ఓటయితే 100కు 100 విలువతో వెళ్తుంది.

సెక్షన్ 26:
విప్ ధిక్కరించినందుకు సభ్యత్వం పోవాలి కదా?

కౌంటింగ్ ఏజెంట్:
రహస్య ఓటు. విప్ లేదు.

సభాపర్వం:
రాజ్యసభ ఎన్నికలో ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. మండలికి ఎమ్మెల్యేలు వేసే ఓటు రహస్యం. బహిరంగంగా వేసే రాజ్యసభ ఓటు విషయంలోనే, పార్టీ మాట కాదన్నా పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక నియమాలు) కింద అనర్హత రాదని 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీ సస్పెండ్ చేసుకోవచ్చు, అది వాళ్ల ఇంటి వ్యవహారం.

ఏలూరు డిగ్రీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పట్టభద్రుల ఎమ్మెల్సీకి కూడా ఇదే లెక్కా? పోయినసారి నా పేరు ఉంది, మళ్లీ పెట్టుకోవాలా?

సభాపర్వం:
మళ్లీ పెట్టుకోవాలి. పట్టభద్రుల, ఉపాధ్యాయుల జాబితాను ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి తయారుచేస్తారు, పాత పేరు దానంతట అది రాదు. ఫారం 18 నింపాలి, టీచర్లయితే ఫారం 19. నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు ఉండాలి. అక్కడ సీటు ఒకటే కాబట్టి చెల్లిన ఓట్లలో సగం కంటే ఎక్కువ రావాలి. మొదటి ప్రాధాన్యంతో తేలకపోతే కింది నుంచి ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేసుకుంటూ వస్తారు, అందుకే కౌంటింగ్ అంతసేపు సాగుతుంది. 1 అని అంకె వేయకపోతే ఓటు చెల్లదు. ఒకటి అని అక్షరాల్లో రాసినా చెల్లదు. ఇద్దరికి 1 వేసినా అంతే. కేంద్రంలో ఇచ్చిన పెన్నుతోనే రాయండి. ఇంకోటి, నిలబడేవాడు పట్టభద్రుడే కానక్కర్లేదు, ఓటరుకే ఆ అర్హత.

పల్నాడు_పాలిటీ:
సరేనండీ, ఖాళీల సంఖ్య ఇచ్చి ప్రశ్న తయారుచేస్తాను. 168 లెక్క కూడా పెడతాను. థాంక్స్.

మెట్‌పల్లి_రాజకీయం:
పనిలో పనిగా ఒకటి. మంత్రులు అసెంబ్లీ బలంలో 15 శాతం దాటకూడదు కదా. 175కు 26.25, అంటే ముఖ్యమంత్రితో కలిపి 26. తెలంగాణకు 18 అంటారు. 119లో 15 శాతం 17.85 కదా?

సభాపర్వం:
ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ సభ్యుడితో కలిపి 120 ఉన్నప్పుడు సరిగ్గా 18 వచ్చేది. 104వ సవరణతో 2020 జనవరి 25 నుంచి ఆ సీటు లేదు.

ప్రజాపద్దు:
'దాటకూడదు' అన్నాక 17.85ను 18 ఎలా చేస్తారు? 17 అనాలి.

మెట్‌పల్లి_రాజకీయం:
ఎమ్మెల్సీ లెక్కలో తోక తీసేయమని నిబంధనలోనే రాశారు. 164(1ఎ)లో తోక మాటే లేదు. దగ్గరి పూర్ణాంకం తీసుకుంటే తప్పేంటి?

కౌంటింగ్ ఏజెంట్:
దీనికి వేరే పోస్టు పెట్టండి.