చౌక దయ్యం కామెడీలు మళ్లీ మళ్లీ చూసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?

బురుజు నీడ (కర్నూలు):
నిన్న రాత్రి ఏదో డబ్బింగ్ దయ్యం సినిమా తగిలింది. దయ్యం తల గిర్రున తిప్పుతుంది, విగ్గు మాత్రం తిరగదు. మావోళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వినారు. తర్వాత కరెంటు పోతే ఒక్కడూ బాత్రూముకు లేయలా! కోట్లు పోసిన గ్రాఫిక్స్ దయ్యాలతో నాకీ సరదా రాదు. మీకు?

పెన్న గాలి (కడప):
అన్నా, మాది సురభి నాటకాలు పుట్టిన జిల్లా. 1885 నుంచి ఆడుతున్నారు. మాయాబజారు వేస్తే మనుషులు గాల్లో లేస్తారు, బాణాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటాయి. ముందు వరసలో కూర్చుంటే తీగ కనపడుతుంది. అయినా ఈల వేస్తాం, తీగ లాగినోడి చెయ్యి సరిగ్గా టైముకు పడింది కాబట్టి. ఈ సినిమాల్లోనూ నాకు నచ్చేది ఆ చెయ్యే.

టవర్ క్లాక్ (అనంతపురం):
అన్నీ ఒక గాటన కట్టొద్దప్పా. హిందీలో రామ్‌సే బ్రదర్స్ 'పురానా మందిర్' (1984) భయపెట్టాలనే తీసినారు, ఇప్పుడు మనకు నవ్వొస్తాది. హాలీవుడ్ డైరెక్టర్ సామ్ రైమీ అట్ల కాదు. 1981లో 'ఈవిల్ డెడ్' భయపెట్టడానికి తీసి, 1987లో రెండోది కావాలనే నవ్వులాటగా తీసినాడు. అందులో హీరో చేతికే దయ్యం పడుతుంది. ఆ చెయ్యి వంటింట్లో ప్లేట్లన్నీ తీసి వాడి నెత్తి మీదే పగలగొడుతుంది. గ్రాఫిక్స్ లేవు, ఒక్క నటుడు తన చేతితో తానే కొట్టుకుంటాడు. ఆ హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ ఒళ్లు హూనం చేసుకున్నాడు కాబట్టే అది ఆడింది. 'నేను చెత్త సినిమానే, నవ్వండి' అని కన్ను కొట్టే ఇప్పటి సినిమాలు నాకు పడవు.

బురుజు నీడ:
అది నిజమే. మరి మన 'జాంబీ రెడ్డి' (2021)? పెళ్లికని కర్నూలు వైపు వచ్చిన కుర్రోళ్లు, ఫ్యాక్షన్ గొడవ, మధ్యలో జాంబీలు. కర్నూలంటే సుమోలు, వేటకొడవళ్లే చూపిస్తారని మాకు ఎప్పుడూ మంట. ఈ ఒక్కసారి ఆ సరంజామానే ఎగతాళి చేస్తే హాయిగా నవ్వుకున్నాం.

పెన్న గాలి:
యాస అక్కడక్కడా జారింది గానీ, ఒప్పుకుంటా.

సెకండ్ షో (నంద్యాల రోడ్డు):
2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడినాక అందరూ అదే పట్టుకున్నారు. ఒక బంగళా, నలుగురైదుగురు నటులు, రాత్రి లైటింగు. నిర్మాతకు ఖర్చు తక్కువ. కానీ కేకలు పెట్టడమే కామెడీ అనుకుంటే ఎట్ల? సప్తగిరి భయపడితే నవ్వొచ్చింది, వాడికి నిజంగానే ప్రాణం పోతాందేమో అన్నట్టు చేసినాడు కాబట్టి. తర్వాత వచ్చినోళ్లు ఆ అరుపొక్కటే తీసుకున్నారు.

బెల్లం రక్తం (ప్రొద్దుటూరు):
మేము కాలేజీలో దయ్యం షార్ట్ ఫిల్మ్ తీసినాం. 'ఈవిల్ డెడ్' వాళ్లు మొక్కజొన్న పాకంతో రక్తం చేసినారని చదివి, అది దొరక్క బెల్లం పాకంలో ఎర్ర రంగు కలిపినాం. కెమెరాలో బ్రహ్మాండంగా వచ్చింది, చిక్కగా, గెడ్డం మీంచి నిదానంగా జారింది. శవంగా పడుకున్నోడికి చీమలు పట్టినాయి. వాడు కదలకుండా పళ్లు బిగబట్టినాడు చూడు, సినిమా మొత్తంలో అదొక్కటే నటన.

టవర్ క్లాక్:
లింకు పెట్టు సామీ, ముందు అది చూడాల.

బెల్లం రక్తం:
డబ్బింగ్ కాలేదన్నా. దయ్యం గొంతుకు ఎవరన్నా ఉంటే చెప్పండి, బిర్యానీ ఇప్పిస్తాం.